ప్రశ్నోత్తరి గద్యం, కంఠస్థం, కౌమారం: తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల స్థిరీకరణ బోధన - ఒక విమర్శ

కీలకపదాలు: స్థిరీకరణ, ప్రశ్నోత్తరి, లూథరన్ సంఘం, కంఠస్థం, ఉపదేశి.

1. ప్రవేశిక:
1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరడంతో తెలుగునాట అమెరికన్ లూథరన్ మిషను మొదలైంది. 1927లో అది ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా రూపొందింది. తెనాలి, రేపల్లె ఆ సంఘం వేళ్లూనిన ప్రాంతాలు. శైశవంలో బాప్తిస్మం పొందిన పిల్లలు కౌమారంలో తమ విశ్వాసాన్ని తమ నోట ఒప్పుకోవడానికి చేసే సన్నాహమే స్థిరీకరణ బోధన. దీనికి ఆధారగ్రంథం మార్టిన్ లూథరు 1529లో రచించిన చిన్న ప్రశ్నోత్తరి. ఈ బోధనను మతాచారంగా కాక, ఒక గద్యపాఠం తరాల నోళ్లలో నిలిచిన తీరుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదం చెప్పే అర్థం:
'స్థిరీకరణ' అంటే స్థిరంగా లేనిదాన్ని స్థిరపరచడం. ఇందులో కర్త సంఘం; విద్యార్థి కర్మ. రోమన్ కతోలికుల 'భద్రమైన అభ్యంగనం'లోనూ అభ్యంగనం చేసేవారు వేరు, పొందేవారు వేరు. బాపట్ల అమెరికన్ బాప్టిస్టు మిషను కేంద్రం. ఆ సంప్రదాయం శిశుబాప్తిస్మాన్ని అంగీకరించదు కనుక దానికి స్థిరీకరణతో పని లేదు. అక్కడ ఒప్పుకోలు ముందు, బాప్తిస్మం తర్వాత. లూథరన్లలో బాప్తిస్మం ముందు, ఒప్పుకోలు తర్వాత. ఆ రెండింటి నడుమ ఏళ్ల వ్యవధిని పూరించవలసింది బోధనే. అందుకే పాఠం ఎలా చెబుతారన్నది ఇక్కడ చిన్న ప్రశ్న కాదు.

3. కంఠస్థం - బలం, పరిమితి:
పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణం, ప్రభువు ప్రార్థన మొదలైన భాగాలలో మూలవాక్యం వెంటనే దాని అర్థమేమిటన్న ప్రశ్న వస్తుంది. లూథరు ముందుమాటలో బోధనక్రమం స్పష్టంగా ఉంది. మొదట ఒకే పాఠాన్ని మార్చకుండా వల్లె వేయించాలి, తర్వాత అర్థం చెప్పాలి, ఆపై విస్తృత వివరణకు వెళ్లాలి. ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని నేర్పాలని ఆయన ఉద్దేశించాడు. అయితే కృష్ణా డెల్టాలో క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగ కుటుంబాల తొలితరాలలో అక్షరాస్యత అరుదు. అందువల్ల ఇంటి యజమాని పని ఉపదేశి చేతికి వచ్చింది. వీధిబడి గడప తొక్కే వీలులేని పిల్లలకు పుస్తకంలోని మాట నోటికి రావడమే ఒక గౌరవం. కంఠస్థాన్ని యాంత్రికమని కొట్టిపారేసే విమర్శ ఈ చరిత్రను విస్మరిస్తుంది.

అక్షరాస్యత పెరిగిన నేడు బోధన మొదటి మెట్టు దగ్గరే ఆగితే మాత్రం అది లూథరు క్రమానికే విరుద్ధం. ఆజ్ఞల వివరణలో దైవభయం, దైవప్రేమ జంటగా వస్తాయి. తెలుగులో 'భయభక్తులు' ఒకే సమాసంగా నలిగిన మాట కావడంతో ఈ రెండింటి మధ్య ఘర్షణ విద్యార్థి చెవిన పడదు. భయం ఎక్కడ ఆగి ప్రేమ ఎక్కడ మొదలవుతుందని అతణ్ణి అడగనిస్తేనే అది ప్రశ్నోత్తరి అవుతుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలకు జ్ఞాపకంలో నిలవడానికి రాగతాళాల ఆసరా ఉంది. ప్రశ్నోత్తరి గద్యానికి అర్థమొక్కటే ఆసరా.

4. ముగింపు:
విశ్వాసప్రమాణంలోని క్రియ ఉత్తమపురుష ఏకవచనం. స్థిరీకరణకు కర్మగా వచ్చిన విద్యార్థి ఆ క్రియకు కర్తగా నిలవాలి. జవాబులన్నీ ముందే అచ్చయిన గ్రంథంలో అతని సొంత ప్రశ్నకు చోటు కల్పించినప్పుడే ఆ మార్పు సాధ్యం.