గోలెం కింది జలచరం

రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేషియా వర్గంలో నీటిని పూర్తిగా విడిచిపెట్టి, పుట్టుక నుంచి చావు వరకు నేలమీదే బతకగలిగిన జీవులు బహు కొద్ది. వాటిలో అన్నిటికన్నా ముందు చెప్పుకోదగినది పెరటి గోలెం కింద, పూలకుండీ అడుగున, తడిసిన ఇటుకల సందుల్లో కనిపించే బూడిదరంగు ప్రాణి. ఐసోపోడా క్రమానికి చెందిన ఈ జీవిని చాలామంది కీటకమనో రోకలిబండ పిల్ల అనో అనుకుంటారు గాని, కీటకానికి మూడు జతల కాళ్లుంటే దీనికి ఏడు జతలుంటాయి, రోకలిబండకు చాలా ఖండాల్లో ఒక్కోదానికి రెండు జతలుంటే దీని రొమ్ముభాగంలో ఖండానికి ఒక్క జతే ఉంటుంది.

నల్గొండ దగ్గరి పానగల్‌లో ఒకవైపు ఉదయసముద్రం చెరువు తేమ, మరోవైపు వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండకు కాలే చల్క నేల ఉండటం వల్ల, ఈ జీవికి అక్కడ ఎక్కడ చోటు దొరుకుతుందో ఊహించడం కష్టం కాదు. కీటకాల చర్మం మీద నీటిని బయటికి పోనివ్వని మైనపు పొర ఉంటుంది. ఈ జీవికి అంత గట్టి పొర లేనందున ఎండిన గాలిలో ఒంటి నీరు త్వరగా ఆవిరైపోతుంది. అందుకే ఇది పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది. పొడిచోట వేగంగా, ఆగకుండా నడిచి, తడి తగలగానే నెమ్మదిస్తుంది కాబట్టి, ఎవరూ దారి చూపకపోయినా చివరికి అన్నీ ఒకే తడి రాతి కిందికి చేరి, ఒకదానికొకటి ఆనుకుని ఒంటి తేమ కాపాడుకుంటాయి.

దీన్ని పరిశీలించడానికి ఒక భూతద్దం, తెల్లని పళ్లెం, తడి గుడ్డ ముక్క చాలు. పైనుంచి చూస్తే గూనపెంకుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకున్న పలకలు కనిపిస్తాయి. గాజు పలక మీద పాకనిచ్చి అడుగు నుంచి చూస్తే వెనుకభాగంలో ఆకుల్లాంటి పలుచని ఉదర పాదాలు కనిపిస్తాయి. శ్వాస వీటితోనే జరుగుతుంది. పూర్వం నీటిలో మొప్పలుగా పనిచేసిన ఈ అవయవాల్లో కొన్ని జాతులకు తెల్లని మచ్చల వంటి గాలి గదులు ఏర్పడ్డాయి, అంటే మొప్పే ఊపిరితిత్తిగా మారుతున్న దశ ఇక్కడ కంటికి కనిపిస్తుంది. ముందు సగం బూడిదరంగులో, వెనుక సగం తెల్లగా ఉన్న జీవి దొరికితే అది జబ్బు కాదు. ఇది కుబుసాన్ని రెండు విడతలుగా, ముందు వెనుకభాగం, ఆపైన తలవైపు విడుస్తుంది, విడిచినదాన్ని తరచుగా తానే తిని సున్నాన్ని తిరిగి పొందుతుంది. తల్లి రొమ్ము కింద ద్రవంతో నిండిన సంచిలో గుడ్లను మోస్తుంది; బయటికి వచ్చే పిల్లకు ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత తర్వాతి కుబుసాలతో వస్తుంది. ఒక నీటి జీవి తన చెరువును రొమ్ము కింద వెంట తీసుకుని నేలకెక్కిన తీరు ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా తెలియదు.

రాలిన ఆకు, కుళ్లిన కట్టె, పెంటదిబ్బలోని చెత్త దీని ప్రధాన ఆహారం. వాటిని నమిలి చిన్న ముక్కలు చేసి, బూజు, సూక్ష్మజీవులు త్వరగా ఎరువుగా మార్చేందుకు తోడ్పడుతుంది. అప్పుడప్పుడు లేత మొలకను కొరికినా, మనిషిని కుట్టదు, ఇంటి సామానును పాడుచేయదు.

ఇంట్లోకి ఇవి ఎక్కువగా వస్తున్నాయంటే గోడలోనో, షాబాద్ బండల కిందనో నీరు ఊరుతున్నదని అర్థం. మందు చల్లేవారు ముందు ఆ ఊటను వెతకాలి. తడి ఆరితే ఇవి అక్కడ నిలువలేవు. పెరట్లో రాయి ఎత్తి చూసినవారు దాన్ని మళ్లీ ఉన్నచోటనే, ఉన్నట్లుగానే పెట్టాలి.