మ్యాటు కింది సంగతి

ఈ వారం ఒక మిత్రుడు పాత అంబాసిడర్ కొని మురిపెంగా చూపించాడు. తళతళలాడే తెల్ల రంగు, కొత్త సీటు కవర్లు. నేను మ్యాటు ఎత్తాను. కింద ఫైబర్ గుడ్డ, దానిమీద తారు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. రంగు చూసి పాత బండి కొనొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. ఒరిజినల్ స్క్రూ ఒకటి పోతే ఊరంతా గాలించే నా పిచ్చీ తెలుసు.

అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన బండి అది. నేల రేకు, డోర్ల కింద పొడవునా సాగే పెట్టె రేకు, స్తంభాలు కలిసి బరువు మోస్తాయి. ముందద్దం బీడింగులోంచి కారిన వాన మ్యాటు కింద చేరిందంటే ఓ పట్టాన ఆరదు, నేల రేకును తుప్పు తినేస్తుంది.

మా పెదనాన్న బండికి ఈ జబ్బే వస్తే విజయవాడ ఆటోనగర్‌కు తోలుకెళ్లాం. టింకరింగ్ మేస్త్రీ ఉలి పట్టకముందే డోరు ఖాళీల్లో అడ్డంగా యాంగిల్ ముక్కలు వెల్డ్ చేశాడు. "ఇయ్యి లేకుండా కింద కోస్తే బండి నడుం వాలుద్ది బాబూ, ఇంక డోరు పడదు" అన్నాడు. తుప్పు కనబడినంత మేరే కాదు, సుత్తి దెబ్బకు రేకు ఖంగుమనే చోటుదాకా కోశాడు. ఒక పక్క కొత్త 18 గేజి రేకు కట్టి, డోరు వేసి సందు చూసుకున్నాకే రెండో పక్కకు వెళ్లాడు. వేడికి రేకు మెలి తిరగకుండా వెల్డింగు అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. పాత నేలకున్న గట్లు కూడా సుత్తితోనే తీశాడు. అవి లేని చదును రేకు డప్పులా మోగుతుంది.

ఇక ఫ్యాక్టరీ రేకే వెతకమంటానని అనుకుంటున్నారేమో. అనను. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఒరిజినల్ నేల దొరికేదాకా బండిని షెడ్డులో మూలుగుతూ ఉంచేకంటే మేస్త్రీ కొట్టిన రేకే మేలు. నేల మధ్యలో అరచేతంత చిల్లు పడితే అతుకు చాలు, కంటికి కనబడినా సరే. పెట్టె రేకు దగ్గర మాత్రం తుప్పు మీదే అతుకు వేయనివ్వకండి. రెండు రేకుల మధ్య చెమ్మ చేరి లోపల్నుంచి మళ్లీ తింటుంది.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. లప్పం మందంగా పూసిన చోట అది అంటుకోదు.