మాలపల్లిలో గింజల లెక్క

ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి 'మాలపల్లి'ని గూర్చి మనవారు వ్రాసిన విమర్శలలో గాంధీమతము, వేదాంతము, వాడుకభాష అను మాటలు తఱచుగా వినబడుచుండును. అవి అసత్యములు కావు. కాని ఆ కథను కదలించినది ధాన్యపుకూలి. ధాన్యమునకు ధర హెచ్చినది గనుక ఇకమీదట గింజలు కొలువక రొక్కమే యిత్తుమని మోతుబరులు నిశ్చయించుకొనుటయు, సంగదాసు కూలివారి పక్షమున నిలుచుటయు, తుదకు చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణములు విడుచుటయు నవలకు వెన్నెముక.

నేను భద్రాచలమునకు ఎగువ, అడవియంచున నొక పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాను. ఈ ఘట్టము చెప్పుచుండగా పట్టణమునుండి వచ్చిన బాలు డొకడు, రొక్కమిచ్చినచో బియ్యము కొనుక్కొనరాదా యని యడిగెను. వెనుక బల్లమీది కోయపిల్లవాడు, "కొనొచ్చు సార్, కొట్టువాడు చెప్పిన ధరకు" అనెను. నేను సిద్ధపఱచుకొని వచ్చిన వ్యాఖ్యానముతో పిదప పనిలేకపోయెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు బీదలు సంతోషించుటకు కారణమును ఇదియే: ధర తమ గిన్నెను ముట్టకుండుట.

పంతులుగారు పల్నాటి పుల్లరి సత్యాగ్రహమున 1921లో చెఱకేగిరి. అడవిలో పశువులు మేసిన గడ్డికి పన్ను కట్టమన్న పోరాట మది. అందులోనే కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. 'మాలపల్లి' రాయవేలూరు చెఱసాలలో పుట్టినది. కాబట్టి ఆకలిని చెఱసాలను ఒకే చూపున చూచుట ఆ గ్రంథకర్తకు ఊహవలన గాక అనుభవమువలననే కలిగియుండును.

చెఱసాల భోజనచరిత్రలో నొక వింత గలదు. పూర్వము బెంగాలు రాజధాని జైళ్లలో ఖైదీలు దినభత్యము తీసికొని తమ కూడు తామే వండుకొనెడివారు. 1840 ప్రాంతమున దొరతనమువారు దానిని మాన్పి, అందఱకు ఒకేచోట వండి పెట్టుట ఆరంభించిరి. ఖైదీలు తిరుగబడిరి. కులాచారమే కారణమని మన పుస్తకములు తేల్చివేయును; అది యుండవచ్చును. కాని లోపల రొక్కము లాగికొని కూడు పెట్టుటయు, వెలుపల గింజలు లాగికొని రొక్క మిచ్చుటయు చూడగా, రెండుచోట్లను తినువాని యిష్టమే హరింపబడినది గదా! 1929లో లాహోరు జైలులో జతీన్ దాసు 63 దినములు అన్నము ముట్టక మరణించుటలో, మిగిలిన ఆ యొక్క యిష్టమును గూడ తన ఆయుధముగా జేసికొనెను.

ఇక దోషము. నా మనస్సు రామదాసు శాంతబోధకంటె వేంకటదాసు కోపమునందే నిలుచుచుండును. అయినను కలవారిని దోచి లేనివారికి పంచు అతని పంపకము ఒక్కపూటది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రమున, నల్లవారు ఓటుహక్కుకై పూనుకొనగా, లెఫ్లోరు కౌంటీ అధికారులు 1962-63 చలికాలమున బీదల కిచ్చు ఆహారపదార్థములను నిలిపివైచిరి. ఆ రాష్ట్రముననే 1963లో చెఱసాలలో దెబ్బలు తిన్న ఫానీ లూ హేమర్ అను నల్లజాతి కూలియామె, 1969లో నలుబది యెకరములతో సహకారక్షేత్రమును నెలకొల్పెను. పెట్టువాని చేతిలో గింజ యున్నంతకాలము ఓటు గూడ వానిదే యని ఆమె యెఱుగును. వేంకటదాసున కీ యెఱుక లేదు.

అడవివారి ఆకలియు ఆ నవలలో లేదు. కృష్ణాగోదావరుల పల్లపునేలల కథ గనుక దానిని తప్పుపట్టను. మా ప్రాంతపు రచయితలు వ్రాయవలసిన పని యది. 1879లో కల్లుపన్నుపై రంపకొండలలో లేచిన తిరుగుబాటు, పోడుపన్ను హెచ్చుటచే మండుచున్న రేకపల్లి సీమకు ప్రాకెను. కల్లు, ఇప్పపువ్వు, పోడుజొన్న, ఇవి కోయవారికి కూడు. దొరతనమునకు పన్ను, అడవి నేరము. భద్రాచల రామదాసు చెఱలో నగల లెక్క చెప్పుకొన్నట్లు, తమ గింజల లెక్కను వ్రాతలో చెప్పికొన్న కోయవాడు నాకింకను కనబడలేదు.

పోయిన సంవత్సర మొక వసతిగృహమున పిల్లలు, తమ వంతు పప్పెంతయో తూచి చూపుమని యడిగిరి. అడిగిన పిల్లలకు చీవాట్లు దక్కెను. నేను పైవారికి జాబు వ్రాసితిని, బదులు రాలేదు. ఆ పిల్లలే యిప్పుడు నా తరగతిలో నున్నారు. వచ్చే సోమవారము వారికి సంగదాసు ఘట్టము చెప్పవలసియున్నది.