తియ్యకుండా వదిలిన రాయి

పారిస్‌లో నోత్రదామ్ గోపురాలను తలెత్తి చూసేవాళ్లకు లెక్కలేదు. ఆ రాయి పుట్టిన చోటు చూడాలంటే మాత్రం తల వంచుకుని దిగాలి. 1163 ప్రాంతంలో మొదలైన ఆ చర్చికి సున్నపురాయి సెన్ నది ఎడమ ఒడ్డు నేలలోంచే వచ్చింది. సుమారు 4.5 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు అది. గవ్వలు, శంఖాల అచ్చులు ఇప్పటికీ అందులో కనిపిస్తాయి.

రోమన్ల కాలంలో బయటికి తేలిన రాతిని పైనుంచి తవ్వుకున్నారు. మధ్యయుగపు పనివాళ్లు వాలు పక్కనుంచి అడ్డంగా తొలుచుకుంటూ లోపలికి పోయారు. దాంతో పైన పొలం పొలంగానే మిగిలింది.

వాళ్ల పనితనమంతా రాతి పొరల్ని చదవడంలో ఉంది. మంచి పొర అడుగున మెత్తటి పొర ఎక్కడుందో చూసి, పొడవాటి ఇనప గడారితో ముందు దాన్నే తొలిచేవారు. ఆ తర్వాత పక్కల్లో నిలువుగా గాళ్లు తీసేవారు. ఇక చీలలు దిగగొడితే చాలు, మిగతా పని రాయి బరువే చూసుకునేది. గని వాలుకు దూరంగా పోయిన చోట, ఊడిన దిమ్మను బావిలాంటి గోతిలోంచి పైకి లాగడానికి పెద్ద కొయ్యచక్రం ఉండేది. దాని అంచున గుచ్చిన మేకులమీద మనుషులు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంటే అది తిరిగేది. ఎంత ఎక్కినా ఉన్నచోటే!

అయితే నన్ను ఆగి చూసేలా చేసేది వాళ్లు తీసిన రాయి కాదు, వదిలిన రాయి. పాత గనుల్లో కప్పు కూలకుండా అక్కడక్కడా కొండనే స్తంభాలుగా ఉంచేశారు. ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. లావుగా వదిలితే కూలి నష్టం, సన్నగా వదిలితే ప్రాణనష్టం. ఆ బేరం ప్రతి స్తంభం దగ్గరా తేల్చుకోవలసిందే.

తర్వాతి తరాలవాళ్లు ఇంకా గడుసువాళ్లు. మంచి రాయంతా తీసేసి, పనికిరాని ముక్కల్ని సున్నం లేకుండానే గోడగా పేర్చి, దాని వెనక రాళ్లపొడి కూరారు. చెత్తను పైకి మోసే శ్రమ తప్పింది, కప్పుకు ఆనిక కూడా దొరికింది. నడుమ నడుమ దిమ్మమీద దిమ్మ పెట్టి, కప్పుకు బిగేలా స్తంభాలు లేపారు.

ఊరు పెరిగి ఆ గనుల నెత్తికెక్కింది, వాటిని మరిచిపోయింది. 1774లో ఒక వీధి సుమారు 300 మీటర్ల మేర కుంగాక గానీ గుర్తురాలేదు. 1777లో గనుల తనిఖీ శాఖ పెట్టారు. దాని అధిపతి గియోమో కట్టించిన ఆధారపు గోడలమీద వరస సంఖ్య, తన పేరు మొదటి అక్షరం, సంవత్సరం చెక్కి ఉంటాయి. మంచి పనే, సంతకం ఆయన హక్కే. వాటి పక్కనే పాత గోడమీద ఏటవాలుగా, దగ్గర దగ్గరగా గడారి దెబ్బలున్నాయి. ఆ వాలు చూస్తే కొట్టినవాడు ఏ వైపుకి ఒరిగి కూర్చున్నాడో ఊహకందుతుంది.