సగం పని చూపించే చోటు

పోయిన వారం నంద్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు ఆఖరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టి, చూడటానికి రమ్మని పిలిచారు. హాలు నిండా ఫ్లెక్సీలు. ప్రతి ఫ్లెక్సీ మీదా ఖచ్చితత్వం తొంభై ఏడు శాతం, తొంభై తొమ్మిది శాతం. ఈ శాతాల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. మనసు నొచ్చుకున్నది ఇంకో చోట.

హాలు చివర కిటికీ పక్కన, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఇద్దరు ఆడపిల్లలు ఒక ల్యాప్‌టాప్, చేత్తో రాసిన ఒక చార్టు పెట్టుకుని నిలబడి ఉన్నారు. విగ్రహం చేయించుకోవడానికి వచ్చినవాళ్లకూ శిల్పికీ మధ్య జరిగే మాటలు రికార్డు చేసి, వాటిలోంచి ఏమేం కావాలన్నారో ఏరి జాబితాగా రాసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. అడగాల్సిన ప్రశ్న ఏదైనా అడగకుండా మిగిలిపోతే దాన్ని కూడా గుర్తు చేయాలని వాళ్ల ఆశ. అది ఇంకా సగమే పనిచేస్తోంది. మన సీమ మాట దానికి సరిగా అందడం లేదు. 'గుడి కట్టిచ్చినాం' అన్నా, 'గుడి కడ్తాండాం' అన్నా ఒకటే రాస్తోంది. గుడి ముందే ఉందా, ఇంకా లేస్తోందా అన్నదాన్ని బట్టి విగ్రహం కొలతే మారిపోతుంది. ఆ సంగతి పసిగట్టి, చార్టు మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టింది కూడా ఆ పిల్లలే.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన వచ్చి కాసేపు చూసి, "ఇంకా కాలేదు కదమ్మా, పూర్తి చేసి చూపియ్యండి" అని ముందుకు వెళ్లిపోయాడు. ఆ ఎర్ర పెన్ను రాతను ఆయన చదవలేదు. హాలు మొత్తం మీద పరిశోధన అనదగ్గది ఆ రెండు వాక్యాలే అని నా నమ్మకం.

ఆ పిల్లల పనికి రిక్వైర్‌మెంట్స్ ఇంజనీరింగ్ అని పేరుంది. సాఫ్ట్‌వేర్ కట్టకముందు ఎవరికి ఏం కావాలో కనుక్కోవడం, దాన్ని రెండు అర్థాలు రాకుండా రాయడం, రాసింది నిజమేనా అని మళ్లీ వాళ్లతోనే సరిచూసుకోవడం అందులోని పని. ఏం కట్టాలో తేల్చుకోవడమే సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే కష్టమని ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే చెప్పాడు. లండన్ అంబులెన్స్ సంగతి నా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1992 అక్టోబరు 26న అక్కడ అంబులెన్సులను పంపే పని కొత్త కంప్యూటర్ వ్యవస్థకు అప్పజెప్పారు. ఏ బండి ఎక్కడుందో దానికి సరిగా తెలియలేదు. మర్నాటికే సగం పని చేతుల మీదికి వచ్చింది, నవంబరు 4న వ్యవస్థ మొత్తంగా ఆగిపోయింది. ఆ బండ్లు నడిపేవాళ్లకూ ఆ ఫోన్లు ఎత్తేవాళ్లకూ అది తమదన్న భావనే లేకపోయిందని తర్వాత విచారణలో తేలింది.

ఈ రంగానికి ప్రత్యేకంగా అంతర్జాతీయ సదస్సు 1993లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైంది. మరుసటి ఏడాది ఐరోపాలో రెఫ్‌స్క్ అనే ఇంకో సదస్సు పుట్టింది. ఇలాంటి సదస్సుల్లో పూర్తయిన పరిశోధన చదివే వేదికలతో పాటు, పోస్టర్లకూ పరికరాల ప్రదర్శనకూ విడిగా చోటుంటుంది. కొద్ది పేజీల చిన్న వ్యాసం పంపి, ఒప్పుకుంటే గోడకు ఒక పోస్టరు తగిలించి, టీ విరామంలో దాని పక్కన నిలబడాలి. ఎవరైనా వచ్చి ఏమైనా అడుగుతారు. పరికరం మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగిందో అక్కడే మాట్లాడుకుంటారు. అక్కడికి అందరూ వచ్చేది సగంలో ఉన్న పనితోనే. శాన్ డియాగోలో మొదలైన ఆ సదస్సు 2007 అక్టోబరులో ఢిల్లీకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ మొత్తానికీ పెద్ద సదస్సయిన ఐసీఎస్ఈ 2014లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ వారంలోనే, జూన్ 2న, రాష్ట్రం రెండైంది కాబట్టి దాన్ని గమనించే తీరిక ఎవరికీ లేకపోయింది.

చిన్న వ్యాసాన్ని చిన్నచూపు చూడకూడదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2009లో రోల్స్ రాయిస్‌లో పనిచేసే అలిస్టర్ మావిన్, ఆయన తోటివాళ్లు విమాన ఇంజన్ల నియంత్రణకు సంబంధించిన నిబంధనలు చదువుతూ, అవసరాలను రాసే వాక్యాలకు కొన్ని అచ్చులు కనిపెట్టారు. ఫలానా జరిగినప్పుడు వ్యవస్థ ఫలానాది చేయాలి, ఫలానా స్థితిలో ఉన్నంతసేపూ ఫలానాది చేస్తూ ఉండాలి, అలాంటివి. దాని మీద వాళ్లు రాసిన వ్యాసం ఆరు పేజీలు. ఇవాళ ఆ పద్ధతిని ఎన్నో పరిశ్రమల్లో వాడుతున్నారు.

శిల్పుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆళ్లగడ్డకు వెళ్లక తప్పదు. మా ఊళ్లో పాత గుడి తీసేసి కొత్తది కట్టాలని పెద్దలు అనుకున్నప్పుడు, మూలవిరాట్టు చేయించే పని మీద మా పెదనాయన వెంట ఆళ్లగడ్డ వెళ్లాను. శిరివెళ్ల దాటి ఊళ్లోకి వస్తుంటే రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, రాతి దుమ్ముతో తెల్లబడిన మనుషులు, కొంత దూరం పోయేదాకా చెవుల్లో ఉలి చప్పుడు. ఒకవైపు ఆంజనేయుడు, ఒకవైపు ఎవరో నాయకుడి నిలువెత్తు విగ్రహం, మధ్యలో ఇంకా ఏ రూపమూ రాని నల్లరాయి.

పెదనాయన నేరుగా ధర అడిగాడు. మేం వెళ్లిన షెడ్డులోని శిల్పి ఆచారి గారు ధర చెప్పలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"గర్భగుడి వాకిలి ఎంత ఎత్తు సామీ?"

తెలియదన్నాం.

"పూజారి ఏ ఆగమం ప్రకారం చేస్తాడు?"

అదీ అడగలేదు.

"రోజూ అభిషేకమా, పండగలకేనా? నీళ్లు ఏ పక్కకు పోతాయి? గోడకు తూము పెట్టినారా?"

పెదనాయనకు విసుగొచ్చింది. "అవన్నీ మేస్త్రీ చూసుకుంటాడు, నువ్వు విగ్రహం చెయ్యి ఆచారీ" అన్నాడు. ఆయన నవ్వి, "మేస్త్రీ చూసేది గోడలు సామీ. వాకిలిని బట్టే కదా దేవుని ఎత్తు" అన్నాడు. వాకిలి కొలత, పూజారి మాట, తూము సంగతి మూడూ తెచ్చేదాకా బయానా ముట్టుకోనని చెప్పి పంపించాడు.

రెండోసారి అవన్నీ తెలుసుకుని వెళ్లాం. అప్పుడు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, సుత్తితో ఒక్కో రాయి తట్టి చప్పుడు వినిపించాడు. ముఖం పొడవును ఒక తాళంగా పెట్టుకుని, తాళానికి పన్నెండు అంగుళాల చొప్పున, నవతాళమైతే నూట ఎనిమిది అంగుళాలుగా విగ్రహాన్ని ఎలా పంచుతారో తాడు పట్టి చూపించాడు. రాయి మీద ముందు బొగ్గుతో గీసి పెదనాయనను పిలిచి, "ఇది చూసుకోండి, ఇక్కడిదాకా మారుస్తాం, ఉలి పడినాక మార్చేది లేదు" అన్నాడు. పెదనాయన శంఖం పట్టిన చెయ్యి కొంచెం పైకి ఉండాలన్నాడు. చెరిపి మళ్లీ గీశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు లక్షలు పోసి నేర్చుకునే పాఠాన్ని నేను ఆ షెడ్డులో మజ్జిగ గ్లాసు పట్టుకుని విన్నాను. అందుకే ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను: తయారు చేసేవాడు వాడేవాడి దగ్గరికి మొట్టమొదటే పోవాలి, సగం పని కూడా వాడికే చూపించాలి.

ఆ లెక్కన ఆ ఇద్దరు పిల్లలకు నేను చెప్పాల్సింది, "ఈ ప్రదర్శనలతో మీకేం పని, ఆ ల్యాప్‌టాప్ తీసుకుని సాయంత్రమే ఆళ్లగడ్డ షెడ్లకు పోండి" అని. ఆ మాట చెబుదామనే వాళ్ల దగ్గరికి నడిచాను కూడా. కానీ ఆ షెడ్డులోనే చూసిన మరో విషయం అడ్డం వచ్చింది.

బొగ్గు గీత తర్వాత ఆచారి గారు మమ్మల్ని షెడ్డుకు పిలవలేదు. మధ్యలో పెదనాయన ఉండబట్టలేక వెళితే విగ్రహం మీద గోనెపట్టా కప్పి ఉంది. అదే వేళకు పక్క షెడ్డు నుంచి ఇంకో శిల్పి వచ్చి, ఆ పట్టా ఎత్తి, తాడు పెట్టి కొలిచి, ఎడమ భుజం దగ్గర వేలితో ఏదో చూపించి వెళ్లాడు. మొరటు పని మీద ఉన్న రాయిని తోటి శిల్పులు చూస్తారు, చేయించుకునేవాళ్లకు చూపించరు. ముక్కూ కళ్లూ తేలని ముఖాన్ని చూస్తే వాళ్లకు భయం వేస్తుంది, నమ్మకం పోతుంది, అక్కర్లేని మార్పులన్నీ అడుగుతారు. ఆ దశలో తప్పెక్కడుందో పట్టగలిగినవాడు ఇంకో శిల్పే.

మన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలోనూ ఇదే వరస. 1906 నుంచి ఉన్న సంస్థ అది. సీమలో ఎక్కువగా వేసే జేజీ 11 శనగ మొక్క పొట్టిది, కోత యంత్రానికి అనువు కాదు. కూలీలు దొరక్క యంత్రంతో కోసుకోవాల్సి వచ్చిన రైతుకు ఎత్తుగా, నిటారుగా పెరిగి కాయలు నేలకు పైన కాసే మొక్క కావాలి. ఆ అవసరంలోంచి వచ్చిందే ఇక్రిశాట్ సాయంతో నంద్యాలలో తీసిన ఎన్‌బీఈజీ 47. అవసరం రైతుది. అయినా మొదటి ఏడాది గింజలను రైతు చేనుకు పంపరు. ముందు స్థానంలోని మళ్లలో, తర్వాత వేరే కేంద్రాల్లో వేసి, తోటి శాస్త్రవేత్తలు చూసి, తీసేయాల్సినవి తీసేశాకే రైతుల పొలాల్లో చిన్న సంచులతో పరీక్ష. సగం తెలిసిన విత్తనాన్ని రైతు మీద పరీక్షిస్తే పోయేది ఆయన రబీ.

సగం పనిచేసే సాఫ్ట్‌వేర్ కూడా శిల్పి పూట తినేస్తుంది. ఆయన మాట తప్పుగా రాసుకుంటే, రెండోసారి ఆ పిల్లలను షెడ్డు గడప ఎక్కనివ్వడు. వాడేవాడి దగ్గరికి ముందుగా పోవాల్సింది చెవులతో. ఏం కావాలో విని రావాలి. ఆ విన్నదానితో కట్టిన సగం పనిని మాత్రం మొదట తోటివాళ్లకే చూపించాలి. పోస్టర్ల గది ఉన్నది అందుకే. తప్పు బయటపడినా ఎవరికీ నష్టం లేని చోటది. నంద్యాలలో ఆ పిల్లలకు దొరకనిది ఆ గదే. మనం వాళ్లకు పోటీ ఇచ్చాం, బహుమతులు ఇచ్చాం, మార్కుల షీటు ఇచ్చాం.

జిల్లాలోని ఇంజనీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరంలో ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు మొదలుపెట్టిన మూడో నెలలో ఒక పూట కేటాయించండి. బహుమతులు వద్దు, మార్కులు వద్దు, శాతాలు రాయొద్దని ముందే చెప్పండి. పోస్టరు మీద ఈ అవసరం ఎవరు చెప్పారో, ఇంకా ఏం తేలలేదో, వచ్చినవాళ్లను ఏం అడగదలుచుకున్నారో రాయమనండి. పక్క కాలేజీ అధ్యాపకులను, ఇక్కడి నుంచి వెళ్లి హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ సాఫ్ట్‌వేర్ పనిచేస్తున్న మన పిల్లలను పిలవండి. వాళ్లకు న్యాయనిర్ణేతలని పేరు పెట్టొద్దు. పిలిస్తే నేనూ వస్తాను.