256 అరలు ఎనిమిదైన వైనం

లినక్స్‌లో ప్రోగ్రాము ఎక్కడ నిదానిస్తోందో చూపే పనిముట్టు పెర్ఫ్. 2009లో 2.6.31 కెర్నల్‌తో వచ్చింది. నడుస్తున్న పనిలోంచి శాంపిళ్లు తీస్తూ, ఒక్కో శాంపిల్ ఏ థ్రెడ్‌దో నంబరును బట్టి వెతికి పట్టుకుంటుంది. లక్ష శాంపిళ్లకు లక్షసార్లు వెతుకులాట. కొలిచేదే నత్తనడక నడిస్తే ఆ కొలతనెవరు నమ్ముతారు?

మొదట్లో థ్రెడ్లన్నీ ఒకే రెడ్-బ్లాక్ ట్రీలో, ఒకే లాక్ కింద ఉండేవి. పని ఒకదాని తర్వాత ఒకటిగా సాగినన్నాళ్లూ ఇబ్బంది లేదు. సమాంతరంగా నడపాలనేసరికి ఆ లాక్ దగ్గరే క్యూ కట్టాలి. అందుకే 2017లో ఇంటెల్ ఇంజనీరు కాన్ లియాంగ్ దాన్ని 256 అరలుగా విడగొట్టి, దేని లాక్ దానికిచ్చారు.

2024లో గూగుల్ ఇంజనీరు ఇయాన్ రోజర్స్ ఆ కోడును తిరగరాశారు. ఆయన పనిలో నన్ను కట్టిపడేసింది వరస. ట్రీని తీసేయబోతూ, ముందు ట్రీ జోలికే పోలేదు. దాని లోపలి అమరిక బయట ఎక్కడెక్కడ కనిపిస్తోందో చూశారు. పెర్ఫ్ రిపోర్ట్ ఇచ్చే టాస్కుల జాబితాలో, ఒకే తల్లి ప్రాసెస్ కింద ఉన్నా 3వ నంబరు టాస్కు 256 తర్వాత వస్తోంది! అరలు చేసిన నాటి నుంచీ ఇదే తంతు. పెర్ఫ్ ట్రేస్ సారాంశం కూడా థ్రెడ్లన్నిటినీ కలిపి కాక, ఏ అరకా అర విడిగా వరసపెట్టి చూపిస్తోంది. ఈ రెండూ సరిచేశాకే థ్రెడ్ల కోడును పెర్ఫ్‌లో ‘మెషీన్’ అనే భాగం నుంచి విడదీసి, సొంత ఫైల్లోకి మార్చారు.

అప్పుడు ట్రీ మీద చెయ్యి పడింది. ట్రీ అన్నిటినీ క్రమంలో ఉంచుతుంది, నిజమే. ఆ క్రమాన్ని వాడుకునేవాళ్లే లేరు. ఆయన దాని స్థానంలో హ్యాష్‌మ్యాప్ పెట్టారు. థ్రెడ్లెన్ని పెరిగినా వెతకడానికి పట్టే సమయం ఇంచుమించు మారదు. మరి 256 అరలెందుకు? ఎనిమిది చాలన్నారు. 30,720 బైట్లు 960కి దిగాయి. ఈ రోజుల్లో ముప్పై వేల బైట్లూ ఒక లెక్కేనా అని నవ్వొచ్చు. నాకు మాత్రం ఆ తీసివేత చూస్తే ముచ్చటేసింది. అరకో లాక్ అన్న పాత ఏర్పాటును ఆయన చెరపలేదు.

ఈ మార్పులు 6.9 కెర్నల్‌లో ఉన్నాయి. అద్దెగదిలో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థి అయినా గిట్ లాగ్ తెరిచి చదువుకోవచ్చు. చదివేవాళ్లు హ్యాష్‌మ్యాప్ ప్యాచ్‌తో కాక, టాస్కుల జాబితాను సరిచేసిన చిన్న ప్యాచ్‌తో మొదలుపెట్టడం మేలు.