ఉత్ప్లవన తరంగాలు: వాతావరణ నమూనాలకు ఏది పరీక్ష?

షికాగో శివారు షామ్‌బర్గ్ నుంచి మిషిగన్ సరస్సు సుమారు 30 కిలోమీటర్లు. పడమటి నుంచి వచ్చే ఉరుముల వరుసలు ఇలాంటి ఊళ్ళు దాటాకే సరస్సు మీదికి చేరతాయి. 1954 జూన్ 26న అటువంటి వరుస ఒకటి వెళ్ళిపోయి వాన తెరిపిచ్చాక, సరస్సు నీరు ఉన్నట్టుండి లేచి షికాగో తీరం మీద పడింది. ఎనిమిది మంది చనిపోయారు.

కారణం గాలిలో ఉంది. ఉరుముల వరుసతో పాటు వాయుపీడనంలో వచ్చిన హఠాత్తు పెరుగుదల, నీటి అల సాగే వేగానికి దగ్గరి వేగంతో సరస్సును దాటింది. ఊయలను అదను చూసి తోసినట్టు నీటికి శక్తినిచ్చింది. ఎదుటి తీరాన్ని తాకి మళ్ళిన నీరే షికాగోను ముంచింది. 2018 ఏప్రిల్ 13న అదే సరస్సు తూర్పు తీరాన లడింగ్‌టన్ వద్ద మళ్ళీ నీరు పొంగింది. ఈసారి కారకం, పీడనాన్ని 10 మిల్లీబార్లకు మించి కదిలించిన గాలి అలల గుంపు.

పైకి నెట్టబడిన గాలిని దాని బరువు కిందికి లాగుతుంది. కిందికి జారినదాన్ని ఉత్ప్లవనం పైకి తోస్తుంది. ఆ ఊగిసలాటే ఈ అల. ఇంగ్లీషు పేరును అనువదించి ‘గురుత్వ తరంగాలు’ అంటే 2015లో లైగో పసిగట్టిన ఐన్‌స్టైన్ తరంగాలతో కలగాపులగమవుతుంది. కనుక ‘ఉత్ప్లవన తరంగాలు’ అనడమే మేలు.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ప్లాట్జ్‌మన్ 1954 నాటి ఉప్పెనను గణించి 1958లో ప్రచురించాడు. గొప్ప పనే. కాని అందులో పీడన రేఖ ముందే ఇచ్చిన దత్తాంశం. పరీక్షకు నిలిచింది సరస్సు ఒక్కటే. నేటి వాతావరణ నమూనా ఆ రేఖను తానే పుట్టించాలి. ఆ పనిలో దానికి మార్కులు వేసే పద్ధతే లోపభూయిష్ఠమని నా వాదన.

మొదటి లోపం సగటు దోషాన్ని కొలమానంగా తీసుకోవడం. ఒక నమూనా అలను సరిగ్గా పుట్టించి 20 కిలోమీటర్లు పక్కకు జరిపిందనుకుందాం. లేనిచోట చూపినందుకు ఒకసారి, ఉన్నచోట చూపనందుకు మరోసారి దానికి శిక్ష పడుతుంది. అసలు అలనే చూపని చదును నమూనాకు ఒక్క శిక్షే. ఈ లెక్కన ఏమీ చెప్పనివాడే మెరుగైన జోస్యుడు!

రెండోది గడుల పరిమాణం. 3 కిలోమీటర్ల గడులున్న నమూనా 3 కిలోమీటర్ల అలను చూపలేదు. నమ్మదగిన రూపం రావాలంటే అల పొడవు గడికి ఎన్నో రెట్లుండాలి. అంతకన్న చిన్నవాటి ప్రభావాన్ని, ముఖ్యంగా ప్రపంచవ్యాప్త నమూనాల్లో, ఉజ్జాయింపు సూత్రాలతో కలుపుతారు. ఆ సూత్రాల్లోని స్థిరాంకాలను గాలులు సరిగ్గా వచ్చేదాకా సవరిస్తారు. జవాబు చూసి లెక్క రాసినట్టే. 2013లో మార్విన్ గెల్లర్ బృందం నమూనాలను పరిశీలనలతో పోల్చినప్పుడు, అలలు మోసే ద్రవ్యవేగపు భౌగోళిక పంపిణీ చాలావరకు కుదిరింది. ఎత్తుతో పాటు అది తగ్గే తీరు మాత్రం కుదరలేదు. పరిశీలనల్లో అది మరింత త్వరగా తగ్గింది.

మూడోది పరికరాల పరిమితి. తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ తన నెత్తిమీది గాలిని నిమిషాల వ్యవధిలో, సన్నని పొరలుగా కొలుస్తుంది. కాని ఆ అల అడ్డంగా ఎంత దూరం పరుచుకుందో ఆ ఒక్క స్తంభం నేరుగా చెప్పలేదు. ఆక్వా ఉపగ్రహం మీది ఎయిర్స్ పరికరానికి ఆ విస్తృతి కనిపిస్తుంది. నిలువునా పొట్టిగా ఉన్న అలలు కనిపించవు. ఇది అంధగజన్యాయమే. నమూనా మొత్తాన్ని పరికరం చూసిన ముక్కతో పోల్చి తీర్పు చెప్పడం అన్యాయం. ముందు నమూనాను కూడా ఆ పరికరం కళ్ళతోనే చూడాలి.

కాబట్టి ప్రశ్న మారాలి. ఉష్ణోగ్రత ఎంత దగ్గరగా వచ్చిందన్నది చాలదు. అల పుట్టిందా, ఏ దిశలో, ఏ వేగంతో సాగింది, ఎంత ఎత్తున విరిగింది అని విడివిడిగా అడగాలి. వేగం తప్పితే సరస్సు స్పందన మారిపోతుంది, హెచ్చరిక కూడా తప్పుతుంది. తీరంలో గాలం వేసి కూర్చున్నవాడికి సగటు మార్కులతో పని లేదు.